ఫార్మాట్ మారిస్తే పాట బాగుపడుతుందా?

ప్లేస్టోర్‌లో 'ఆడియో కన్వర్టర్' అని కొట్టి చూడండి. బోలెడన్ని యాప్స్ వరసకడతాయి. ఏది తెరిచినా దాదాపు ఒకటే తంతు. పాట ఎంచుకోవాలి, ఎంపీ3నో ఫ్లాకో నొక్కాలి, క్వాలిటీ దగ్గర '320' పెట్టాలి. గిర్రున ఓ చక్రం తిరిగి ఫైల్ రెడీ! నాలుగు ఎంబీలున్న పాట కాస్తా పన్నెండు ఎంబీలైపోతుంది. సైజు పెరిగింది కాబట్టి సౌండ్ కూడా పెరిగిందనుకుని ఇయర్‌ఫోన్స్ పెట్టేసుకుంటాం.

అక్కడే ఉంది తిరకాసు. వెన్న తీసేసిన మజ్జిగని పెద్ద బిందెలో పోసినంత మాత్రాన పెరుగైపోదుగా! పాటల ఫైళ్ల సంగతీ అంతే. ఈ ఒక్క ముక్క తెలియకే మా ఇంట్లో ఓ పెద్ద ఆస్తి పోయేంత పనయ్యింది. ఆ కథ కాస్త ఆగి చెబుతా. ముందు అసలు పాట ఫైల్లో ఏముంటుందో చూద్దాం.

ఒక్క నిమిషానికి పది ఎంబీలు

ఆడియో సీడీలో శబ్దాన్ని సెకనుకి 44,100 సార్లు కొలిచి అంకెలుగా రాస్తారు. ఒక్కో కొలతకీ 16 బిట్లు. కుడి చెవికొకటి, ఎడమ చెవికొకటి, అంటే రెండు చానళ్లు. అన్నీ గుణిస్తే సెకనుకి 14 లక్షల బిట్ల పైమాటే. దీన్నే 1,411 కేబీపీఎస్ అంటారు. నిమిషానికి పది ఎంబీలు దాటుతుంది. అయిదు నిమిషాల పాటైతే దాదాపు 53 ఎంబీలు. వేవ్ ఫైల్ అంటే మామూలుగా ఇదే, ఏమీ కుదించని అసలు సరుకు.

అదే పాట 128 కేబీపీఎస్ ఎంపీ3 అయితే అయిదు ఎంబీల్లోపే సరిపోతుంది. అంటే పదకొండో వంతు. మరి మిగతా పది వంతులూ ఏమైనట్టు?

గట్టిమేళంలో గుసగుస

పెళ్లి పందిట్లో గట్టిమేళం మోగుతుంటే పక్కనున్నవాళ్లు చెవి దగ్గరికొచ్చి చెప్పినా వినపడదు కదా! మన చెవికున్న ఈ బలహీనతే ఎంపీ3కి బలం. ఓ పెద్ద శబ్దం వస్తున్నప్పుడు దాని చాటున ఉన్న చిన్న శబ్దాలు మనకెలాగూ వినపడవు. అలాంటి వాటిని వెతికి, కొన్నింటిని తీసి పారేస్తుంది, కొన్నింటిని ముతకగా రాసుకుంటుంది. బాగా సన్నటి, పై స్థాయి శబ్దాలకీ కత్తెర వేస్తుంది. మిగిలినదాన్నే పొదుపుగా సర్దుతుంది.

ఈ పద్ధతి వెనక జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థ ఇంజినీర్ల కృషి చాలా ఉంది. వాళ్లలో ముఖ్యుడు కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బర్గ్. ఆయన దీన్ని పరీక్షించడానికి పదేపదే విన్న పాట సుజాన్ వేగా పాడిన 'టామ్స్ డైనర్'. అందులో వాద్యాలేమీ ఉండవు, ఒట్టి గొంతే. వాద్యాల హోరు ఉంటే తప్పులు దాని చాటున దాక్కుంటాయి. ఒంటరి గొంతులో మాత్రం చిన్న తేడా వచ్చినా చెవికి తగులుతుంది. అందుకే ఆ పాట అంత పనికొచ్చింది. 1995 జులై 14న ఈ ఫైళ్లకి 'డాట్ ఎంపీ3' అనే తోక పేరు ఖాయం చేశారు.

ఎంపీ3ని తిట్టాల్సిన పనేం లేదు. మంచి బిట్‌రేట్‌లో, అసలు ఫైల్ నుంచి నేరుగా చేస్తే చాలామంది చెవులు తేడా పట్టలేవు. గుర్తుపెట్టుకోవాల్సిందల్లా ఒక్కటే. తీసి పారేసింది మళ్లీ రాదు. చెరకుని బెల్లం చేయగలం గానీ, బెల్లాన్ని చెరకు చేయలేం.

రెండే కులాలు

ఫార్మాట్ల పేర్లు డజన్లకొద్దీ ఉన్నా, వాటిలో ఉన్నవి రెండే కులాలు.

మొదటిది లాసీ. అంటే కొంత పోగొట్టుకునే రకం. ఎంపీ3, దాని తర్వాత 1997లో వచ్చిన ఏఏసీ, ఓగ్ వోర్బిస్, 2012లో ప్రమాణంగా స్థిరపడిన ఓపస్... అన్నీ ఈ బాపతే. మీరు వాట్సాప్‌లో పంపే వాయిస్ మెసేజ్ ఓపసే.

రెండోది లాస్‌లెస్. చిన్నగా కుదిస్తుంది గానీ ఏదీ పారేయదు. పట్టుచీరని మడతపెట్టి బీరువాలో పెట్టినట్టన్నమాట. విప్పితే పోగు కూడా పోకుండా మొత్తం చీర ఉంటుంది. 2001లో వచ్చిన ఫ్లాక్, ఆపిల్ వాళ్ల ఏలాక్ ఇలాంటివి. పాటని బట్టి సైజు అసలులో ఇంచుమించు సగానికి తగ్గుతుంది. 53 ఎంబీల పాట ముప్పై ఎంబీల చుట్టుపక్కల వస్తుంది.

ఇక్కడో చిన్న మెలిక. 'ఎం4ఏ' అనేది డబ్బా పేరు, లోపలి సరుకు పేరు కాదు. అందులో లాసీ ఏఏసీ ఉండొచ్చు, లాస్‌లెస్ ఏలాక్ కూడా ఉండొచ్చు. తోక చూసి సరుకుని నమ్మకూడదు. అలాగే ఫైల్ పేరులో 'ఎంపీ3' చెరిపేసి 'వేవ్' అని రాస్తే అది కన్వర్ట్ చేయడం అవ్వదు. పప్పు డబ్బా మీద పంచదార అని చీటీ అంటించినట్టే.

లెక్క సింపుల్. లాస్‌లెస్ నుంచి లాస్‌లెస్‌కి ఎన్నిసార్లు మార్చినా నష్టం లేదు. లాస్‌లెస్ నుంచి లాసీకి మారిస్తే ఒకసారి నష్టం. లాసీ నుంచి లాసీకి మారిస్తే నష్టం మీద నష్టం. లాసీ నుంచి లాస్‌లెస్‌కి మారిస్తే కొత్త నష్టం లేదు గానీ లాభమూ లేదు, ఫోన్‌లో జాగా తప్ప ఇంకేమీ ఖర్చవదు. జెరాక్స్‌కి జెరాక్స్, దానికి మళ్లీ జెరాక్స్ తీసుకుంటూ పోతే నాలుగో కాపీలో ఆధార్ ఫొటో ఏమవుతుందో మీకు తెలుసుగా!

అమ్మమ్మ గాజుల చప్పుడు

ఇప్పుడు మా ఇంటి కథ. మా అమ్మమ్మది తణుకు దగ్గర ఓ పల్లెటూరు. పెళ్లిపాటలు, అప్పగింతల పాటలు, మంగళహారతులు, ఉయ్యాల పాటలు ఆమెకి కొట్టిన పిండి. 1996 ఎండాకాలంలో మా మావయ్య ఆమెని వసారాలో కూర్చోబెట్టి, టేప్‌రికార్డర్‌లో అరవై నిమిషాల క్యాసెట్ పెట్టి నలభై నిమిషాల పాటలు పట్టాడు. 2004లో అమ్మమ్మ వెళ్లిపోయింది. 2008లో టౌన్లో ఓ షాపులో ఆ క్యాసెట్‌ని సీడీ చేయించారు. తర్వాత ఇల్లు మారే హడావుడిలో క్యాసెట్ ఎటో పోయింది.

ఆ సీడీ నుంచి ఎవరో మెమరీ కార్డులో పట్టేలా చిన్న ఎంపీ3 చేశారు. అందులోంచి ఇంకొకరు కీప్యాడ్ ఫోన్ కోసం ఏఎంఆర్ చేశారు. దాన్నుంచి మరొకరు మళ్లీ ఎంపీ3. అలా ఒకరి ఫోన్‌లోంచి ఒకరి ఫోన్‌లోకి పాకుతూ, ప్రతి చేతిలోనూ కొంచెం కొంచెం అరుగుతూ వచ్చింది. ఎవరూ కావాలని చేసింది కాదు. అందరికీ అమ్మమ్మ కావాలి, అంతే.

నిరుడు మా పెద్దమ్మ కూతురి పెళ్లిలో, అప్పగింతల వేళ ఆ పాట స్పీకర్లో పెట్టారు. బిందెలో తల పెట్టి పాడినట్టుంది. 'స', 'శ' పలికిన చోటల్లా బుడబుడమని నీళ్ల చప్పుడు. పెద్దమ్మ కాసేపు విని, "ఇది మా అమ్మ గొంతేనేంట్రా?" అంది. ఆ మాటతోనే నేను ఆ పాట వెంటపడ్డాను.

చుట్టాలందరి ఫోన్ల నుంచీ ఫైళ్లు తెప్పిస్తే ఏడు రకాలు తేలాయి. ఒకటి ఏకంగా వేవ్, నాలుగొందల ఎంబీల పైనే ఉంది. "ఇదే ఒరిజినల్, సైజు చూడు" అని అందరూ తేల్చేశారు. దాన్ని 'స్పెక్' అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి చూశాను. ఫైల్లో ఏ స్థాయి శబ్దాలు ఎంతెంత ఉన్నాయో అది రంగుల్లో బొమ్మ గీసి చూపిస్తుంది. కింద నాలుగు కిలోహెర్ట్జ్‌ల దాకా రంగులు, ఆ పైనంతా ఒట్టి నలుపు! గోడ కట్టినట్టు కోసేసి ఉంది.

దానర్థం తేలిక. పాత ఫోన్లలోని ఏఎంఆర్ ఫార్మాట్ మాటల కోసం చేసింది. సెకనుకి 8,000 కొలతలే తీసుకుంటుంది కాబట్టి నాలుగు కిలోహెర్ట్జ్‌లు దాటిన శబ్దాన్ని దాచలేదు. అంటే ఆ భారీ వేవ్ ఫైల్, ఎప్పుడో కీప్యాడ్ ఫోన్‌లో నలిగిన ఏఎంఆర్‌నే ఉబ్బించి చేసింది. పేరుకి నాలుగొందల ఎంబీలు, లోపల గుప్పెడు సరుకు.

చివరికి మావయ్య బీరువాలో, ఓ శుభలేఖ కవర్లో 2008 నాటి సీడీ దొరికింది. కంప్యూటర్లో పెడితే 'సీడీఏ' అనే తోకతో బుల్లి ఫైళ్లు కనిపించాయి. ప్రాణం లేచొచ్చింది. అలా కనిపించిందంటే అది ఆడియో సీడీ, లోపల ఉన్నది కుదించని శబ్దం. ఆ బుల్లి ఫైళ్లని కాపీ చేస్తే మాత్రం పాట రాదు, అవి ట్రాక్ ఎక్కడుందో చెప్పే చీటీలు మాత్రమే. సీడీని 'రిప్' చేయాలి. ఉచితంగా దొరికే 'ఫ్రీయాక్' సాఫ్ట్‌వేర్‌తో ఫ్లాక్‌లోకి తీశాను.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నప్పుడు మొదట పట్టుకుంది పాట కాదు. అమ్మమ్మ చేత్తో తాళం వేస్తుంటే గాజులు గలగలమన్న చప్పుడు! ఆ ఏడు ఫైళ్లలో ఒక్కదాంట్లోనూ అది లేదు. సన్నటి శబ్దం కదా, మొదటి కత్తెర దెబ్బకే పోయుంటుంది. పెద్దమ్మకి వినిపిస్తే ఏమీ మాట్లాడలేదు. రెండోసారి పెట్టమంది.

320 అని రాసుంటే నమ్మొచ్చా?

బయట '320 కేబీపీఎస్ హై క్వాలిటీ' అని తిరిగే ఫైళ్లకీ ఇదే పరీక్ష. 128లో చేసిన ఎంపీ3లు సాధారణంగా 16 కిలోహెర్ట్జ్‌ల దగ్గర తెగిపోతాయి. సరైన 320 అయితే మామూలుగా 20 దాకా రంగులుంటాయి. 320 అని చెప్పిన ఫైల్ బొమ్మ పదహారు దగ్గరే గోడకట్టినట్టు ఆగిందంటే, చిన్నదాన్నే ఉబ్బించారని అనుమానించొచ్చు. పాతకాలపు పాటలైతే అసలు రికార్డింగ్‌లోనే పై శబ్దాలు తక్కువ ఉండొచ్చు, ఆ మాటా గుర్తుంచుకోండి. పిండికొద్దీ రొట్టె!

మరి ఎప్పుడు మార్చాలి?

కన్వర్ట్ చేయడం తప్పేం కాదు. అవసరం ఉన్నప్పుడు, మంచి ఫైల్ నుంచి, ఒక్కసారి చేస్తే చాలు.

కారు, ఆటో, ట్రాక్టర్ పెన్‌డ్రైవ్: చాలా పాత స్టీరియోలు ఎంపీ3, డబ్ల్యూఎంఏ తప్ప వేరేవి చదవవు. వాటికి ఎంపీ3 చేయక తప్పదు. 192 నుంచి 256 కేబీపీఎస్ పెడితే ఇంజిన్ మోతలో తేడా తెలియదు. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి ఉంటే ఇంకా మంచిది. 16 జీబీ పెన్‌డ్రైవ్‌లో 320లో చేసిన అయిదు నిమిషాల పాటలు పదమూడు వందల దాకా పడతాయి. అదే వేవ్ అయితే మూడొందలే.

ఫోన్‌లో జాగా చాలనప్పుడు: ఫ్లాక్ కాపీ ల్యాప్‌టాప్‌లోనో హార్డ్‌డిస్క్‌లోనో ఉంచి, ఫోన్‌కి 256 ఏఏసీ గానీ 128 ఓపస్ గానీ చేసుకోండి. ఒకే బిట్‌రేట్ దగ్గర ఓపస్, ఎంపీ3 కంటే బాగా పలుకుతుంది.

బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌లో వినేవాళ్లు: ఫోన్ నుంచి ఇయర్‌బడ్స్‌కి వెళ్లేటప్పుడు పాట ఎస్‌బీసీ, ఏఏసీ లాంటి కోడెక్‌లోకి మామూలుగా మరోసారి కుదించుకుంటుంది. అందుకని వాటిల్లో వినడానికే ఫోన్ నిండా ఫ్లాక్‌లు నింపుకోనక్కర్లేదు.

వీడియోలోంచి పాట కావాలంటే: మీరు తీసిన ఎంపీ4 వీడియోలో శబ్దం సాధారణంగా ఏఏసీలో ఉంటుంది. దాన్ని ఎంపీ3గా మార్చాల్సిన పనే లేదు, ఉన్నదున్నట్టు బయటికి తీయొచ్చు. కంప్యూటర్లో 'ఎఫ్ఎఫ్ఎంపెగ్' అనే ఉచిత పరికరంలో 'కాపీ' ఆప్షన్ చేసేది ఇదే. నష్టం సున్నా, పని క్షణాల్లో అయిపోతుంది.

రింగ్‌టోన్ కోసం ముక్క కోయాలంటే: చాలా యాప్స్ కోసిన ముక్కని మళ్లీ కుదించి సేవ్ చేస్తాయి. విండోస్‌లో 'ఎంపీ3 డైరెక్ట్ కట్' లాంటివి మళ్లీ కుదించకుండానే కోస్తాయి.

మామూలు కన్వర్షన్‌కి మీ కంప్యూటర్లో వీఎల్‌సీ ఉంటే చాలు. మీడియా మెనూలో 'కన్వర్ట్/సేవ్' నొక్కి, ఫైల్ ఇచ్చి, ఫార్మాట్ ఎంచుకోవడమే. ఆన్‌లైన్ కన్వర్టర్ సైట్ల జోలికి మాత్రం ఇంట్లోవాళ్ల గొంతులున్న ఫైళ్లతో వెళ్లకండి. అప్‌లోడ్ చేశామంటే మన ఫైల్ ఎవరిదో సర్వర్‌లోకి వెళ్లినట్టే. పైగా అలాంటి కొన్ని పేజీల్లో అసలు డౌన్‌లోడ్ బటన్ ఒకటుంటే, ప్రకటనల బటన్లు నాలుగుంటాయి.

ఇంకో సంగతి. స్ట్రీమింగ్ యాప్స్‌లో మీరు 'డౌన్‌లోడ్' చేసిన పాటలు తాళం వేసిన ఫైళ్లు. మామూలు కన్వర్టర్లు వాటిని తెరవలేవు. చందా ఆగితే అవీ ఆగిపోతాయి. ఎప్పటికీ మనదిగా ఉండాలనుకున్న పాటని సీడీగానో, ఫైల్‌గానో కొనుక్కోవడం మంచిది.

తెలుగు పేర్లు డబ్బాలైపోతున్నాయా?

పాట పేరు తెలుగులో రాస్తే కారు స్టీరియోలో ప్రశ్నార్థకాలో, ఖాళీ డబ్బాలో కనిపిస్తుంటాయి. కారణం ట్యాగ్‌లు. ఎంపీ3లో పేరు, గాయని, ఆల్బమ్ వివరాలు దాచే పద్ధతిని ఐడీ3 అంటారు. దాని మొదటి వెర్షన్‌లో పేరుకి ఇచ్చిన జాగా 30 బైట్లే, అదీ ఇంగ్లిష్ లాంటి లిపుల్ని దృష్టిలో పెట్టుకుని. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు అక్షరానికీ, ఒక్కో గుణింతం గుర్తుకీ మూడేసి బైట్లు కావాలి. ఇక పట్టేదెక్కడ? తర్వాతి వెర్షన్లలో యూనికోడ్ వచ్చింది గానీ, పాత స్టీరియోల్లో తెలుగు ఫాంట్ ఉండదు.

అందుకే నేనో పద్ధతి పెట్టుకున్నాను. దాచుకునే ఫ్లాక్ కాపీలో అన్నీ తెలుగులోనే రాస్తాను. ఎవరు పాడారు, ఏ ఊళ్లో, ఏ సంవత్సరం, ఏ సందర్భంలో పాడే పాట... అంతా. ఫ్లాక్ ట్యాగ్‌లు తెలుగుని చక్కగా దాచుకుంటాయి. కారు కోసం చేసే ఎంపీ3లో మాత్రం పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో. కన్వర్ట్ చేశాక ట్యాగ్‌లు వచ్చాయో లేదో ఒకసారి చూసుకోండి, కొన్ని యాప్స్ వాటిని దారిలోనే పారేస్తాయి.

ఈ ఆదివారం ఓ గంట

సినిమా పాట పాడైతే మళ్లీ దొరుకుతుంది. ఎక్కడో ఓ స్టూడియోలో, ఓ కంపెనీలో దాని మాస్టర్ ఉంటుంది. మన ఇంట్లో గొంతులకి మాస్టర్ మన దగ్గర తప్ప ఇంకెక్కడా ఉండదు. కాబట్టి తాతయ్య చెప్పిన కథలు, నానమ్మ బతుకమ్మ పాట, నాన్న పద్యం ఫోన్‌లో ఎక్కడైనా ఉన్నాయేమో వెతకండి. ఒకటికి నాలుగు కాపీలుంటే అన్నింటికంటే పాతది, మొదట రికార్డ్ అయినది ఏదో కనుక్కోండి. అది ఏ ఫార్మాట్‌లో ఉన్నా సరే, అలాగే ఉంచేయండి. ఏఎంఆర్ అయినా దాన్ని డిలీట్ చేయకండి. రెండు వేర్వేరు చోట్ల కాపీ పెట్టండి. చుట్టాలకి పంపాలంటే వాట్సాప్‌లో 'డాక్యుమెంట్'గా పంపండి, ఫైల్ మారకుండా వెళ్తుంది.

కొత్తగా రికార్డ్ చేస్తుంటే మొదలుపెట్టక ముందే రికార్డర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి క్వాలిటీ అన్నింటికంటే పైన పెట్టండి. ఐఫోన్ వాయిస్ మెమోస్‌లోనైతే 'లాస్‌లెస్' ఆప్షనే ఉంది. ఫ్యాన్ ఆపండి, ఫోన్‌ని పాడేవాళ్లకి మూరెడు దూరంలో, మెత్తటి బట్ట మీద పెట్టండి. తర్వాత కుదించుకోవాలంటే ఎప్పుడైనా కుదించుకోవచ్చు. అప్పుడు పట్టకుండా వదిలేసిన చప్పుడుని మాత్రం ఏ కన్వర్టరూ, ఏ 320 బటనూ తెచ్చివ్వలేదు.